ఇప్పటివాళ్ళ మాస్టారి ప్రశ్నలు

మా బావగారికి ఒకటే జబ్బు. దేవుడి గురించి ఎవరు ఏ మాట అన్నా సరే, ఆ మాటను మధ్యలో ఆపి, మూత విప్పి, లోపల ఏముందో అందరికీ చూపించాలి. గడియారాలు బాగుచేసేవాడు ఎదుటివాడి మొహం చూడకుండా మణికట్టు చూస్తాడే, అలా ఈయన ఎదుటివాడి నోటి వంక చూస్తూ కూర్చునేవారు.

ఈ పని తెల్లవారుతూనే మొదలయ్యేది. లేవగానే పళ్ళు తోముకోరు, మొహం కడుక్కోరు. తిన్నగా వంటింటి తలుపు దగ్గరికి వెళ్ళేవారు. అక్కడ మేకుకు ఒక రాతిపలక వేలాడుతూ ఉండేది. నిజానికి ఆ పలక మా అక్కది, ఇంట్లోకి కావలసినవి రాసుకోవడానికి కాపురానికొచ్చిన కొత్తలో కొనుక్కుంది. బావగారు అందులో కుడివైపు సగం ఆక్రమించేశారు. ఎడమవైపు "పాలు రెండు లీటర్లు, సబ్బు, ఉప్పు" అని అక్క రాత. కుడివైపు పాపం, కృప, క్షమాపణ, సృష్టి, ఇలా రోజుకొక పాతమాట. దాని కింద ఒక గీత. గీత కింద "ఇప్పటివాళ్ళు ఏమంటున్నారంటే" అని మొదలుపెట్టి కొత్త అర్థం. అది రాసి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూసుకుని, అప్పుడు పళ్ళపొడి అందుకునేవారు.

ఇప్పటివాళ్ళంటే ఇప్పటి తత్వవేత్తలు. బావగారు ముప్పై ఏళ్ళు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి దిగిపోయిన మనిషి. ఆ తత్వవేత్తల్లో సగంమంది చర్చి గడప తొక్కరట, కాని చర్చి మాటలు పట్టుకుని వదలరట.

"ఇల్లు వదిలి వెళ్ళినవాడు తాళంచెవి మాత్రం జేబులో పెట్టుకుని తిరుగుతున్నట్టు లేదూ మరదలా?" అన్నారు ఒకసారి.

"తాళంచెవి ఉందంటే ఎప్పుడో ఒకప్పుడు తిరిగి వచ్చేవాళ్ళే బావగారూ," అన్నాను.

ఆయన తిన్నగా లోపలికి వెళ్ళి ఆ ముక్క నోటుపుస్తకంలో రాసుకున్నారు. నేను ఊరిబడిలో ఏడో తరగతి దాకా చదివినదాన్ని. నా మాట ఒక పెద్దమనిషి పుస్తకంలోకి ఎక్కడం అదే మొదలు. ఆయన వయసు అప్పటికి డెబ్బై ఒకటి, ఆయన కోటు వయసు నలభై. అయినా నోరు తెరిస్తే ఇప్పటివాళ్ళే. అందుకని వీధి వీధంతా ఆయన్ని ఇప్పటివాళ్ళ మాస్టారు అని పిలిచేది.

మా ఆయన పోయాక అక్క నన్ను తన ఇంటికి తెచ్చుకుంది. వాళ్ళ వెనక గదిలో ఉంటూ, వీధి చివరి చర్చి తాళాలు చూసుకునేదాన్ని. బల్లలు తుడవడం, గుడ్డలు ఉతకడం, గంట కొట్టడం నా పని. దేవుడి ఇల్లు ఊడ్చే భాగ్యం దొరికిందని నా సంతోషం నాది. పాత మాటలకు పాత అర్థాలే నాకు సరిపోయేవి. ఆ సంగతి తెలిసి కూడా బావగారు పొద్దున్నే నన్నే పట్టుకునేవారు.

"చెప్పు మరదలా, కృప అంటే ఏమిటి?"

"మా అక్క మీకు దొరకడం బావగారూ."

"మరి నేను మీ అక్కకు దొరకడం?"

"అది పరీక్ష."

పొయ్యి దగ్గర అక్క నవ్వు ఆపుకోలేక దగ్గింది. బావగారు మాత్రం నవ్వలేదు. సుద్దముక్క తీసుకుని "అర్హత లేనివాడికి దక్కేది. ఈ విషయంలో పాతవాళ్ళదే పైచేయి" అని పలక మీద రాశారు.

ఆ తలుపు పెరట్లోకి తెరుచుకునేది కాబట్టి పాలు పోయడానికి వచ్చే పాలాయన రోజూ పలక చదివేవాడు. ఒకరోజు క్యాను దించి తల గోక్కున్నాడు.

"అమ్మగారూ, ఈ కుడివైపు రాసిన సరుకు మా దగ్గర ఉండదండీ."

"ఎందుకుండదు?" అంది అక్క. "పాపమే కదా రాసింది. నువ్వు పాలలో కలిపే నీళ్ళు ఏమనుకుంటున్నావు?"

నోటి నిండా పళ్ళపొడితో బావగారు పరిగెత్తుకొచ్చారు. "ఆయన్ని అనకు. ఇప్పటివాళ్ళు ఏమంటున్నారంటే, ఆదిపాపం అంటే ఈయనొక్కడు చేసిన తప్పు కాదు. మనం పుట్టేసరికే నాటకం సగం నడిచిపోయింది. మొహానికి రంగు పూసి వెనకనుంచి ఒక తోపు తోశారు. ఈయన పుట్టేసరికే పాలలో నీళ్ళున్నాయి."

"నిజమండీ," అన్నాడు పాలాయన, తన మనసులో మాట ఎవరో కనిపెట్టినట్టు సంబరపడిపోతూ. "మా తాత కాలం నుంచీ ఉన్నాయండీ."

"చూశారా, ఒప్పుకున్నాడు," అంది అక్క.

"ఒప్పుకున్నాడు కాబట్టి నాటకం ఇక్కడినుంచి మారుతుంది," అన్నారు బావగారు.

మర్నాటినుంచి పాలు చిక్కబడ్డాయి. పదేళ్ళు తిట్టి అక్క సాధించలేనిది పళ్ళపొడి నోటితో ఆయన సాధించారు. కాకపోతే ఆ పుణ్యం తన తిట్లదేనని అక్క నేటికీ అంటుంది.

కటింగు షాపాయన సంగతి ఇంకా విడ్డూరం. ఒకరోజు రేడియోలో లీనమైపోయి బావగారి మీసంలో కుడివైపు సగం గొరిగేశాడు. కాలేజీ పిల్లలు ఆయన్ని గుర్తుపట్టేదే ఆ మీసాన్ని బట్టి. అద్దంలో చూసుకున్న బావగారికన్నా గొరిగినవాడి మొహమే ముందు పాలిపోయింది.

"తప్పయిపోయింది మాస్టారూ. రెండోది కూడా తీసేస్తాను, సమానమైపోతుంది."

"ఆగు. ఇది క్షమించదగిన తప్పంటావా, క్షమించరాని తప్పంటావా?"

"క్షమించరానిదేనండీ."

"అమ్మయ్య. ఇప్పటివాళ్ళు ఏమంటున్నారంటే, క్షమించదగినదాన్ని క్షమిస్తే అది బేరం. క్షమించరానిదాన్ని క్షమిస్తేనే క్షమాపణ. అలాంటి తప్పు నాకెవరైనా చేస్తారా అని ఏళ్ళతరబడి చూస్తున్నాను. నీ దయవల్ల ఇవాళ దొరికింది."

అతని చెయ్యి పట్టుకుని ఊపి, సగం మీసంతో ఇంటికొచ్చారు. అక్క తల పట్టుకుంది. "ఏమండీ, ఆ మిగిలింది కూడా తీయించుకు రండి. వీధిలో తలెత్తుకోలేను."

"తీయిస్తే తప్పు దిద్దుకున్నట్టయిపోతుంది. అప్పుడు క్షమించడానికి ఏం మిగులుతుంది?"

మీసం మళ్ళీ మొలిచేదాకా నెలరోజులు అలాగే తిరిగారు. ఆ నెలంతా కటింగు షాపాయన బావగారు ఎదురైనప్పుడల్లా సందులోకి తప్పుకునేవాడు. తిట్టినా బాగుండేదమ్మా అని నా దగ్గర వాపోయాడు.

అక్క పలకలో కుడివైపు ఒకేఒక్కసారి చెయ్యి పెట్టింది. ఆ రోజు మాట సర్వజ్ఞత. "అన్నీ తెలిసి కూడా కొన్నిటిని చూడనట్టు ఊరుకోవడమే అసలైన తెలివి, దేవుడిదైనా సరే" అని బావగారు రాసుకున్నారు. ఆయనకు చక్కెర జబ్బు. పళ్ళు తోముకుని వచ్చేసరికి దాని కింద అక్క రాత ఉంది. "చక్కెర డబ్బా దగ్గర మిమ్మల్ని నేను చూస్తూనే ఉన్నాను."

ఇక అసలు సంగతి. ఇంట్లో ఇదంతా ముచ్చటగానే ఉండేది. చిక్కల్లా ఆదివారాలతో వచ్చింది.

మా పాస్టరయ్యగారు ఆ చర్చిలో ముప్పై ఎనిమిదేళ్ళుగా ఉన్నారు. ఆయన భార్య పోయారు. తల్లి లేని మనవరాలిని చేతుల మీద పెంచారు. ఆ పిల్లకు పెళ్ళి కుదిరింది. "దాని పెళ్ళి నా చేతులమీద జరిపించి, ఆ తర్వాత గోడకు చేరబడి కూర్చుంటాను" అని ఆయన అందరితో అనేవారు. అంతకుమించి ఆయన దేవుణ్ణి ఏమీ అడగలేదు. డెబ్బై దాటిన పాస్టర్లను సంఘం పైఅధికారులు ఊరికే ఉండనివ్వరు. అయ్యగారు బాగా ఉన్నారు, ప్రసంగం బాగా చెబుతున్నారు అని సంఘపెద్దలు ఏటా కాగితం రాసి పంపాలి. లేకపోతే మర్నాడే కొత్తాయన దిగుతాడు.

రెండేళ్ళ కిందటి వరకు బావగారు చర్చిలో ఆఖరి బల్ల మీద కూర్చుని మర్యాదగా కునికేవారు. ఉన్నట్టుండి ఒక ఆదివారం వచ్చి మొదటి బల్ల మీద, ప్రసంగవేదికకు సరిగ్గా ఎదురుగా కూర్చున్నారు. ఆనాటితో మాకు శాంతి పోయింది.

"దేవుడు సర్వశక్తిమంతుడు," అన్నారు అయ్యగారు. అని కాసేపు ఆగారు.

బావగారు లేచారు. "క్షమించండి అయ్యగారూ. ఇప్పటివాళ్ళు ఏమంటున్నారంటే, దేవుడిది బలం కాదు, పిలుపు. ఎవరినీ రెక్కపట్టి లాక్కుపోడు, తలుపు బయట నిలబడి పిలుస్తాడు. మీరు తలుపు సంగతి ఎత్తకుండా బలం గురించే చెబితే ఎలాగండీ?"

అయ్యగారి మొహం వెలిగింది. "ఆ తలుపు దగ్గరికే వస్తున్నాను, కూర్చోండి మాస్టారూ," అన్నారు. చర్చంతా నవ్వింది. అక్క బావగారి కోటు అంచు పట్టి కిందికి లాగింది. ప్రతి ఆదివారం ఇదే వరస. ఆయన లేవడం, ఆమె లాగడం. ఆ రెండేళ్ళలో కోటు అంచు మూడుసార్లు ఊడితే ఆమే మూడుసార్లు కుట్టింది.

అందరికన్నా ఎక్కువ బాధపడింది సంఘం కార్యదర్శి. రైల్వేలో స్టేషను మాస్టరుగా చేసినాయన. జేబులో గొలుసు గడియారం లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు, అందుకని గడియారంగారు అనేవాళ్ళం. ప్రతి ప్రశ్ననూ ఒక నోటుపుస్తకంలో రాసుకునేవారు. ప్రసంగం ఎన్ని సెకన్లు ఆగింది, ప్రశ్న ఎంతసేపు పట్టింది, జవాబు ఎంతసేపు పట్టింది. ఆగిన సెకన్లు కూడా బావగారి నెత్తినే వేసేవారు. రైలు ఆలస్యమైతే ఎవరో ఒకరి పేరు రాయాలి కదా.

పెళ్ళి పదిరోజులుందనగా పెద్దలు బావగారిని చర్చి పక్కగదిలోకి పిలిపించారు. టీ ఇవ్వడానికి వెళ్ళిన నేను గోడవారగా నిలబడిపోయాను. గడియారంగారు పుస్తకం విప్పారు.

"రెండేళ్ళలో రెండువందల పదకొండు ప్రశ్నలు. ఎక్స్‌ప్రెస్ లాగా వెళ్ళాల్సిన ప్రసంగాన్ని ప్యాసింజర్ చేశారు మాస్టారూ. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు వస్తున్నారు. వచ్చే ఆదివారమూ, పై శనివారం పెళ్ళిలోనూ మీరు నోరు విప్పడానికి వీల్లేదు."

బావగారు ఎవరినీ బతిమాలడం నేను అంతకుముందు చూడలేదు. "ఆఖరి బల్ల మీద కూర్చుంటాను. ఒక్క ప్రశ్న, చిన్నది."

"వీల్లేదు."

"చీటీ రాసి పంపితే?"

"వీల్లేదు."

"పోనీ చెయ్యెత్తి ఊరుకుంటే?"

"మాస్టారూ, మాట ఇవ్వండి."

ఇచ్చారు. మర్నాడు పలకలో కుడివైపు ఖాళీగా ఉంది. పాలాయన క్యాను దించకుండానే "మాస్టారికి ఒంట్లో ఎలా ఉందండీ?" అని అడిగాడు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. బావగారి నోరు కట్టమని రెండేళ్ళుగా రోజూ ప్రార్థన చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ ఆదివారం ప్రార్థన ఫలించింది. గంట తాడు వేదికకు ఎడమపక్కన ఉంటుంది కాబట్టి అయ్యగారి పక్కమొహం నాకు కనిపిస్తుంది, బల్లలమీద వాళ్ళకు కనిపించనిది.

"మనం గమనించవలసిన రెండో సంగతి," అన్నారు అయ్యగారు. ఆగారు.

వేదిక అంచును పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లబడ్డాయి. ఆయన కాగితాల వంక చూడలేదు. మొదటి బల్ల వంక, బావగారి వంక చూశారు. బడిలో పద్యం మరిచిపోయిన పిల్లాడు వాకిట్లో నిలబడ్డ తల్లి వంక చూసే చూపు అది. బావగారు నోరు తెరిచారు, మూశారు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. గడియారంగారు జేబులోంచి గడియారం తీశారు.

నాకు అప్పుడు అర్థమైంది. అర్థమైన మరుక్షణం తాడు లాగేశాను.

గంట మోగితే ఆరాధన అయిపోయినట్టు. అందరూ లేచారు, అలవాటు చొప్పున ముగింపు పాట ఎత్తుకున్నారు, పాడుకుంటూ బయటికి వెళ్ళిపోయారు. కొంతమంది నాకు నమస్కారం కూడా పెట్టారు.

"పదకొండు నిమిషాలు ముందు," అన్నారు గడియారంగారు, గడియారం పైకెత్తి చూపిస్తూ.

"కాలిమీదికి ఎలుక పాకిందండీ," అన్నాను. దేవుడి ఇంట్లో నిలబడి నేను ఆడిన అబద్ధం అదొక్కటే. ఎలుకల్లేకుండా ఊడ్చేది కూడా నేనే కాబట్టి పరువు కూడా పోయింది.

ఇంటికొచ్చాక అక్క పెరట్లో ఉన్న సమయం చూసి బావగారిని వంటింట్లో పట్టుకున్నాను.

"ఎన్నాళ్ళనుంచి బావగారూ?"

"ఏది?"

"అయ్యగారికి మరుపు."

ఆయన ఖాళీ పలక వంక చూస్తూ చెప్పారు. "రెండేళ్ళయింది. శనివారం సాయంత్రాలు మేమిద్దరం చదరంగం ఆడతాం కదా. ఒకరోజు నా గుర్రంతో నా మంత్రినే చంపి, గెలిచానని సంతోషపడ్డాడు. అప్పటినుంచి ఆటలో పోట్లాడి పోట్లాడి మర్నాటి ప్రసంగమంతా ఆయన చేత చెప్పిస్తాను. అది నా జేబులో ఉంటుంది. ఎక్కడ ఆగితే అక్కడ లేస్తాను. తరవాత చెప్పాల్సింది నా ప్రశ్నలో ఉంటుంది."

"అందరూ మిమ్మల్ని విసుక్కుంటున్నారు కదా."

"నాకు కావలసింది అదే. నన్ను చూసి విసుక్కునేవాళ్ళు ఆయన్ని చూడరు. దేవుడు తన పెద్దరికం దించుకుని ఖాళీ అయ్యాడంటారు కదా, ఇప్పటివాళ్ళు దానిమీదే పుస్తకాలకు పుస్తకాలు రాస్తున్నారు."

"దించుకోవడానికి మీకు పెద్దరికం ఎప్పుడుంది?"

"అందుకే నాకు తేలికయింది మరదలా."

"అయ్యగారికి తెలుసా, మీరు ఇందుకు అడుగుతున్నారని?"

"తెలియదనే నా ఆశ. ఇప్పటివాళ్ళు ఏమంటున్నారంటే, ఇచ్చానని ఇచ్చినవాడికీ, పుచ్చుకున్నానని పుచ్చుకున్నవాడికీ తెలిస్తే అది బహుమానం కాదు, బదులు."

"ఇచ్చానని మీకు తెలుసు కదా మరి."

బావగారు సుద్దముక్క గాల్లో పట్టుకుని ఉండిపోయారు. "అదే చిక్కు. ఇప్పటివాళ్ళు కూడా అక్కడే ఆగిపోయారు."

"కుడిచేత్తో పెట్టింది ఎడమచేతికి తెలియకూడదని మా ఊళ్ళో ముసలమ్మలు ఎప్పుడో చెప్పారు. వాళ్ళు ఆగలేదు బావగారూ, పెట్టేసి పనిలోకి వెళ్ళిపోయేవాళ్ళు."

ఆయన సుద్దముక్క పలక పక్కన పెట్టేశారు. తరవాత గొంతు తగ్గించి, "శనివారం నేను లేవకూడదు. నాలుగు ముక్కలు చెబుతాడు. మాట ఇవ్వడం, బహుమానం, క్షమించడం, తగ్గించుకోవడం. నాలుగోదాని దగ్గర ఆగితే నువ్వు లేచి దాని గురించి అడగాలి," అన్నారు.

"నేనా? బల్లలు తుడిచేదాన్ని, అంతమందిలోనా?"

"నీకు తెలిసినదాన్నే తెలియనట్టు అడుగు. అదే ప్రశ్న అంటే."

"మిగతా మూడింటి దగ్గర ఆగితే?"

"దాని సంగతి నీకెందుకు. ఎవరికీ చెప్పకు. మీ అక్కకు అసలే చెప్పకు."

ఆ మూడూ దేవుడికి వదిలేశారు కాబోలనుకున్నాను. వారమంతా ఖాళీ బల్లలు తుడుస్తూ వాటినే నా ప్రశ్న అడిగి అలవాటు చేసుకున్నాను. ఆ వారం అక్క గిన్నెలు తోముతూ పెదవులు కదిపేది. పాలాయన పాలు కొలుస్తూ గొణిగేవాడు. పెళ్ళి కోసం అందరూ ప్రార్థన చేస్తున్నారని మురిసిపోయాను.

శనివారం చర్చి నిండింది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ముందు బల్లలమీద కూర్చున్నారు. బావగారు ఆఖరి బల్ల మీద, ఎండాకాలంలో మఫ్లరు చుట్టుకుని కూర్చున్నారు. తన నోటిమీద తనకే నమ్మకం లేక దానిమీదుగా కట్టుకున్నారు. గంట పని అయ్యాక నేను అక్క పక్కన చేరాను.

అయ్యగారు వేదిక ఎక్కి మనవరాలి వంక చూశారు. "ఇవాళ మీకు నాలుగు మాటలు చెప్పాలి," అన్నారు.

ఆగారు.

మొదటిదైనా ఎత్తకముందే ఆగారు. వేళ్ళు అంచును పట్టుకున్నాయి. చూపు మొదటి బల్ల మీదికి వెళ్ళింది, అక్కడ ఎవరో కొత్తాయన ఉన్నాడు. పెళ్ళికూతురి చేతిలో పూలు కదిలాయి. నాది నాలుగోదన్న సంగతి మరిచిపోయి నేను లేచి నిలబడ్డాను.

లేచి చూస్తే నా పక్కన అక్క కూడా నిలబడి ఉంది. మూడో బల్లలో పాలాయన నిలబడ్డాడు, వాళ్ళావిడ అతని చొక్కా పట్టి లాగుతోంది. తలుపు దగ్గర కటింగు షాపాయన నిలబడ్డాడు. నలుగురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. బావగారు ఎవరికి వారిని విడిగా పిలిచి, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నారని అప్పుడు తెలిసింది.

నోరు అందరికన్నా ముందు అక్కకే లేచింది. "అయ్యగారూ, నలభై ఆరేళ్ళ కిందట ఇచ్చిన మాటకు ఇంకా కట్టుబడి ఉండాలంటారా?"

చర్చి గొల్లుమంది. ఆ గోలలోనే పాలాయన అందుకున్నాడు. "బహుమానంలో నీళ్ళు కలిస్తే అది బహుమానమేనాండీ?"

"సగం మీసం గొరిగినవాణ్ణి కూడా క్షమించాల్సిందేనాండీ?" అన్నాడు కటింగు షాపాయన, తల వంచుకుని.

వారమంతా ఖాళీ బల్లలను అడిగిందే నేనూ అడిగేశాను. "ఇద్దరిలో ఎవరు ముందు తగ్గాలండీ?"

ముందు బల్లమీద పెళ్ళికొడుకు మేనమామ వెనక్కి తిరిగాడు. "ఇదేమిటండీ, మీ చర్చిలో ఆనవాయితీయా?"

"మాస్టారి జబ్బు అంటుకుందండీ," అన్నారెవరో.

అయ్యగారు నవ్వారు. వేళ్ళు వేదిక అంచును వదిలేశాయి. "నలుగురూ నిలబడే ఉండండి. ఒక్కొక్కరికీ చెబుతాను, చెప్పించుకున్నవాళ్ళు కూర్చోండి," అన్నారు.

మాట గురించి చెప్పారు. ఇచ్చిన మాట ఒకరోజుతో అయిపోయేది కాదు, రోజూ పొద్దున్నే మళ్ళీ ఇచ్చుకోవాలన్నారు. అక్క కూర్చుంది. అయ్యగారి చూపు కాస్త తడబడింది, పాలాయన కనిపించాడు, బహుమానం గుర్తొచ్చింది. అది చెప్పాక అతను కూర్చున్నాడు. తరవాత కటింగు షాపాయన. మేం నలుగురం ఆయనకు నిలబడ్డ కాగితాలమయ్యాం. నావంతు వచ్చేసరికి మోకాళ్ళు పీకాయి గాని, చర్చి తాళాలు పట్టినప్పటినుంచి ఆయన అంత బాగా చెప్పగా నేను వినలేదు.

"ఎవరు ముందు తగ్గాలి అని అడిగింది మా తాళాలమ్మ," అన్నారు అయ్యగారు చివరగా. "ఇప్పటివాళ్ళు ఏమంటున్నారంటే, తగ్గినవాడికి తాను తగ్గానని కూడా గుర్తుండకూడదట. నాకు ఈ మధ్య చాలా సంగతులు గుర్తుండటం లేదు. ఈ సంగతి మాత్రం గుర్తుంది. రెండేళ్ళుగా ఒకాయన నాకు చూపిస్తున్నాడు."

ఆయన ఎవరి వంకా చూడలేదు. ఆఖరి బల్ల మీద బావగారు మఫ్లరు కళ్ళదాకా లాక్కుని, పైకప్పులో దూలాలు లెక్కపెడుతున్నారు.

ఉంగరాలు మార్చుకున్నారు. అయ్యగారు మనవరాలి తలమీద చెయ్యి పెట్టి, ఒక్క మాట తడబడకుండా దీవించారు. నేను గంట తాడు తనివితీరా లాగాను, ఈసారి ఎలుక అక్కరలేకుండా.

జనం వెళ్ళాక తలుపు మూయబోతుంటే మెట్లమీద గడియారంగారు ఒక్కరే నిలబడి ఉన్నారు. నలుగురివీ నాలుగు ప్రశ్నలు రాసుకుని ఉంటారు, ఇక మా నలుగురినీ పక్కగదిలోకి పిలుస్తారనుకుని గుండె దిటవు చేసుకున్నాను.

"టైమెంతయిందమ్మా?" అని అడిగారు.

ఊరందరికీ టైము చెప్పే మనిషి నన్ను టైము అడుగుతున్నాడు. "మీ గడియారం ఏదండీ?"

"ఇంట్లో ఉంది. నిన్న సాయంత్రం మీ బావగారు మా ఇంటికి వచ్చారు. మళ్ళీ ప్రశ్న అడగనివ్వమని బతిమాలడానికేమో అనుకుని తలుపు సగమే తీశాను. అందుకు కాదట. ఒక సాయం చేయాలన్నారు. సరేనన్నాను. ఆయన వెళ్ళాక పుస్తకం తీసి చూసుకున్నాను. రెండువందల పదకొండు ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకూ ముందు ఒక ఖాళీ. తొమ్మిది సెకన్లు, పన్నెండు సెకన్లు, ఒకసారి ఇరవై. నా చేత్తో నేనే రాసుకుని, నేనే చూడలేదమ్మా."

"ఇంతకీ ఏం సాయం అడిగారండీ?"

గడియారంగారు అలవాటు కొద్దీ ఖాళీ జేబు తడుముకున్నారు. "రేపు ఒక్కరోజుకు మీ గడియారం ఇంట్లో పెట్టి రండి, అన్నారు. అయ్యగారు ఎంతసేపు ఆగారో దేవుడే చూడనట్టు ఊరుకుంటాడు, మనకెందుకండీ, అన్నారు."